ఆపద వేళ ఆసుపత్రికి: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి

ఈపురుపాలెమునకు వైద్యశాల దూరము కాదు. చీరాలలోని ఏరియా ఆసుపత్రి కొలది కిలోమీటర్ల దూరముననే యున్నది. రెండవ వైపున బాపట్లలోను ఏరియా ఆసుపత్రి కలదు. 216వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతము మీదుగానే పోవుచున్నది. ఇంకను పెద్ద చికిత్స అవసరమైనచో తెనాలి, ఒంగోలు, గుంటూరు పట్టణములలో పెద్ద ప్రభుత్వ వైద్యశాలలున్నవి. ఇన్ని సౌకర్యములు కలిగియు, పాము కరచినవారును, గుండెనొప్పి వచ్చినవారును వేళ మించిన పిదప ఆసుపత్రి చేరుట మన తీరగ్రామములలో అరుదైన విషయము కాదు. ఆ జాప్యములో అధికభాగము దారిలో జరుగుట లేదు. ఇంటి వసారాలో, మంచము చుట్టును నిలిచినవారి మాటలలో జరుగుచున్నది.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అను ఇద్దరు పరిశోధకులు ప్రసూతి మరణములను పరిశీలించి, ఆలస్యము మూడు విధములని చెప్పిరి. వైద్యశాలకు పోవలెనని నిశ్చయించుటలో జరుగు ఆలస్యము మొదటిది. దారిలో జరుగునది రెండవది. వైద్యశాల చేరిన పిదప చికిత్స అందుటలో జరుగునది మూడవది. వారు బాలింతలను గూర్చి చెప్పినను ఈ మాట సర్వ విధములైన ఆపదలకును వర్తించును. రెండవ ఆలస్యమును రోడ్లు, అంబులెన్సులు తగ్గించును. మూడవ దానిని వైద్యశాఖ సరిదిద్దవలెను. మొదటి దానిని తగ్గింపగలవారు గ్రామస్థులే. అర్ధరాత్రి వేళ ఏమి చేయుటకును తోచక ఇంటివారు తలుపు తట్టునది సాధారణముగా వార్డు సభ్యునిదో, సర్పంచిదో అగును. "తెల్లవారనిండు, చూతము" అని ఆయన యనినచో వారు ఆగుదురు. "ఇప్పుడే బయలుదేరుడు" అనినచో బయలుదేరుదురు. కావున ఏది ఆగదగినది, ఏది ఆగరానిది అను వివేకము సభ్యులకు ముందుగానే యుండవలెను.

ఆగరాని లక్షణములు

రొమ్ము మధ్య బరువుగా, పిండివేసినట్లుగా నొప్పి వచ్చి, అది ఎడమచేతికో, దవడకో, వీపునకో ప్రాకుచు, చెమటలు పోసినచో దానిని గుండెపోటుగానే భావింపవలెను. మన ఇండ్లలో దీనికి మొదట పెట్టు పేరు "గ్యాసు". సోడా త్రాగించుటతోను, వాము నమలించుటతోను గంటసేపు గడచిపోవును. అది గ్యాసు అవునో కాదో ఇంటిలో ఎవరును చెప్పజాలరు, ఇ.సి.జి. తీసి వైద్యుడు చెప్పవలసినదే. మధుమేహము కలవారికిని, స్త్రీలకును, వృద్ధులకును కొన్ని సమయములలో నొప్పి లేకుండ ఆయాసము, నీరసము, చెమట మాత్రమే కనిపించును. గుండెకు రక్తము పోవు నాళములో గడ్డ అడ్డుపడుటయే దీనికి కారణము. ఆ గడ్డను కరగించు టెనెక్టెప్లేస్ అను సూదిమందును పెద్ద నగరములలోనే గాక ఏరియా ఆసుపత్రుల వంటి చోట్ల కూడ ఉచితముగా ఇచ్చు పథకము 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించినది. ఎంత త్వరగా ఇచ్చిన గుండె కండరము అంత మిగులును. గంటలు గడచినకొలది ఆ మందు వలన ప్రయోజనము తగ్గిపోవును.

పక్షవాతము విషయమును అట్టిదే. నోరు ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి పైకెత్తి నిలుపలేకపోవుట, మాట ముద్దగా వచ్చుట - ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినను బయలుదేరవలెను. రక్తనాళములో గడ్డ వలన వచ్చిన పక్షవాతమునకు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. అదియు తల స్కాను తీసి, లోపల రక్తస్రావము లేదని తెలిసిన పిదపనే ఇత్తురు. కనుక స్కాను సౌకర్యము గల ఆసుపత్రికే చేరుట మేలు. రోగి చివరిసారి బాగుగా కనిపించిన వేళ ఏదియో ఇంటివారు గుర్తుంచుకొని వైద్యునితో చెప్పవలెను. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. మ్రింగుట కష్టమగును గనుక నోట నీళ్లుగాని మాత్రలుగాని వేయరాదు. పావురము రక్తము పూయుట వంటి నాటువైద్యములకై ఆ నాలుగున్నర గంటలను వ్యర్థపరచుట ఎంతటి నష్టమో చెప్పనక్కరలేదు.

పాము కాటును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనము ప్రకారము 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించిరి. అనగా సగటున ఏటా 58 వేల మంది. ఈ మరణములు ఎక్కువగా జరుగు రాష్ట్రములలో ఆంధ్ర ప్రాంతము కూడ ఒకటి. చనిపోయినవారిలో అధికులు గ్రామీణులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు జాతులు ముఖ్యముగా ప్రాణాపాయము కలిగించునవి. మన ఆసుపత్రులలో ఇచ్చు విషవిరుగుడు మందు ఈ నాలుగింటికిని కలిపి తయారుచేసినదే. దానికి వలయు విషమును సేకరించువారిలో ముఖ్యులు తమిళనాడులోని ఇరులర్ తెగవారు. 1978లో ఏర్పడిన వారి సహకార సంఘము పాములను పట్టి, విషము తీసి, మరల విడిచిపెట్టును. ఆ విషమును అతి స్వల్ప మోతాదులలో గుఱ్ఱములకు ఎక్కించి, వాని రక్తమునుండి విరుగుడు తయారుచేయుదురు. ఈ మందునకు బదులుగా పనిచేయు ఆకుపసరు గాని మంత్రము గాని లేదు. మంత్రగాని వద్ద బ్రతికినవారు బ్రతుకుటకు కారణము, కరచినది విషములేని పాము అగుటయో, విషపుపామే అయినను విషము చిమ్మకపోవుటయో అయి యుండును.

వీనిలో కట్లపామును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలెను. ఇది రాత్రివేళ నేలపై పండుకొనినవారిని కరచును. నొప్పి, వాపు దాదాపుగా ఉండవు; కాటు గుర్తు కూడ కనిపింపకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పితో మేల్కాంచి, తరువాత కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, మ్రింగలేని స్థితి కలిగినచో, పామును ఎవరును చూడకున్నను పాముకాటుగానే యనుమానించి బయలుదేరవలెను. మగ్గపు గుంట ప్రక్కన చాప పరచుకొని నిద్రించు నేతపనివారు దోమతెరను చాప క్రిందికి మడచి కట్టుకొనుట మంచిది.

కాటు పడినపుడు చేయవలసినది స్వల్పము. కరచిన కాలిని గాని చేతిని గాని కదల్చక, ఒక కఱ్ఱను ఆనించి మెత్తని గుడ్డతో వదులుగా కట్టవలెను. ఉంగరములు, కడియములు, మట్టెలు తీసివేయవలెను. వాపు వచ్చిన పిదప అవి రావు. రోగిని నడిపింపరాదు. గట్టిగా త్రాడు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట, ఐసుగడ్డ పెట్టుట వలన హానియే గాని మేలు లేదు. పామును చంపి తెచ్చుటకై వెదకుట వలన మరియొకరు కాటునకు గురియైన సందర్భములును కలవు. అట్టి పని మానుకొనవలెను. ఆసుపత్రిలో వైద్యులు కొంచెము రక్తమును శుభ్రమైన పొడి గాజుగొట్టములో తీసి 20 నిమిషములు కదల్పక ఉంచుదురు. అది గడ్డకట్టనిచో పింజర విషము పనిచేయుచున్నదని తెలియును. ఆ 20 నిమిషములు ఊరక కూర్చుండబెట్టిరని తొందరపడి వారితో తగవులాడుట తగదు. విరుగుడు మందు మోతాదు పిల్లలకును పెద్దలకును ఒక్కటే. ఎందుకనగా పాము పిల్లవానిని చూచి విషము తక్కువగా చిమ్మదు. లక్షణములు ఏమియు లేకున్నను ఒక దినము ఆసుపత్రిలో ఉంచి చూచుట అవసరము.

పురుగుల మందు త్రాగినవారి విషయము దుఃఖకరము. దీనిలో ఆలస్యమునకు కారణము తెలియమి కాదు, భయము. పోలీసు కేసు అగునని, పరువు పోవునని ఇంటివారు దాచుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారని భావించి, వారిని విచారించి శిక్షింపరాదని చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేనే లేదు. ఈ సంగతి ఇంటివారికి సభ్యులు ధైర్యముగా చెప్పవచ్చును. ఉప్పునీరు, పేడనీరు పట్టించి వాంతి చేయించరాదు. మందు ఊపిరితిత్తులలోనికి పోవును. తడిసిన బట్టలు తీసి, ఒంటిని సబ్బునీటితో కడిగి, మందు సీసాను తప్పక వెంట తీసికొనిపోవలెను. సీసాపై నున్న పేరును బట్టియే విరుగుడు నిర్ణయింతురు. కోలుకొని వచ్చిన పిదప ఆ యింటిని ఒంటరిగా వదలరాదు. 14416 నెంబరుగల టెలిమానస్ వారితో ఉచితముగా మాటాడవచ్చును.

బిడ్డల విషయములో, పాలు త్రాగకుండుట, లేపినను లేవని మగత, ఊపిరి పీల్చునపుడు డొక్కలు ఎగురవేయుట, మూర్ఛ - ఇవి ఆగరానివి. మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. చేతిలో తాళపుచెవులు పెట్టుట వలన ఏ ప్రయోజనమును లేదు. నోటిలో చెంచా దూర్చుట వలన పండ్లు విరుగును. గర్భిణికి రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారుట, ఫిట్లు, ఉమ్మనీరు పోవుట, కడుపులో బిడ్డ కదలిక తగ్గుట కనిపించినపుడు పురిటి దినము లెక్కించుచు కూర్చుండరాదు.

రామాపురము, వాడరేవు తీరములకు సెలవు దినములలో జనులు విశేషముగా వచ్చుచుందురు. నీట మునిగినవానిని ఒడ్డునకు చేర్చిన వెంటనే తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పొట్టపై నొక్కి నీరు కక్కించుట మన వాడుక. ఇది తప్పు. ఊపిరి లేనిచో నోటితో ఊపిరి యూదుచు, రొమ్ము మధ్య గట్టిగా, వేగముగా, నిమిషమునకు నూరు నుండి నూట ఇరువది సార్లు నొక్కుచుండవలెను. మత్స్యకార యువకులకు దీనిని నేర్పించుటకు ఒక పూట చాలును. ఇక వేసవి వడదెబ్బలో, ఒళ్లు కాలిపోవుచు మాట తడబడినచో అది సామాన్యమైన నీరసము కాదు. తడిగుడ్డలతో చల్లార్చుచునే తీసికొనిపోవలెను. 2015 మే నెలలో మన రాష్ట్రములో వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించిరి.

కుక్కకాటు గంటలలో చంపునది కాదు గాని, అదే దినమున సూది వేయించుకొనవలెను. ముందుగా పుండును ధారగా పారు నీటితోను సబ్బుతోను 15 నిమిషములు కడుగవలెను. జలుబు, ఒకటి రెండు దినముల కొద్దిపాటి జ్వరము, పాత మాత్రలు మరల వ్రాయించుకొనుట, కుట్లు విప్పించుట - వీనికి గ్రామ ఆరోగ్య కేంద్రము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము చాలును. ఇట్టి పనులకు అత్యవసర విభాగమునకు పోవుట వలన అచటి వైద్యుని చేతులు ఆ మేరకు కట్టివేసినట్లగును.

ఫోను చేయునపుడు

108 సేవ 2005 ఆగస్టు 15న మన రాష్ట్రముననే ఆరంభమై, తరువాత దేశములోని అనేక రాష్ట్రములకు వ్యాపించినది. ఫోను చేసినవారు కంగారులో "త్వరగా రండి" అని పెట్టివేయుదురు. ఏ గ్రామము, ఏ వీధి, గుర్తు ఏమి, రోగికి తెలివి యున్నదా, ఊపిరి ఆడుచున్నదా అను ప్రశ్నలకు నిదానముగా జవాబు చెప్పి, వారు పెట్టుమనువరకు ఫోను పెట్టరాదు. బండి వచ్చులోపల ఏమి చేయవలెనో వారే చెప్పుదురు. ఒక మనిషి దీపముతో రోడ్డు మొగలో నిలువవలెను. ఇది చిన్న విషయముగా తోచును గాని, క్రొత్తగా వెలసిన కాలనీలలో ఇంటి కొఱకు వెదకుటలో పోవు కాలము చిన్నది కాదు.

ఆసుపత్రి గుమ్మము దాటిన పిదప

ఇచటనే తగవులు పుట్టును. "మేము ముందుగా వచ్చితిమి, మా వెనుక వచ్చినవానిని లోనికి తీసికొనిపోయినారు" అని మనవారు ఆగ్రహింతురు. అత్యవసర విభాగములో వరుస వచ్చిన వేళను బట్టి యుండదు. ప్రాణాపాయమును బట్టి యుండును. పద్దెనిమిదవ శతాబ్ది చివర నెపోలియన్ సైన్యములో వైద్యుడైన డొమినిక్ లారీ, క్షతగాత్రుల హోదాను చూడక గాయము తీవ్రతను బట్టి ముందు వెనుకలు నిర్ణయించెను. ఆ పద్ధతియే నేటికిని నడచుచున్నది. పలుచోట్ల ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో రోగులను విభజింతురు. నాడి, రక్తపు పోటు, ఊపిరి వేగము, రక్తములోని ఆక్సిజన్ చూచి రంగు నిర్ణయింతురు. అరచుచున్నవానికంటె నిశ్శబ్దముగా పడియున్నవాడే తరచుగా ఎఱుపు రంగునకు చెందియుండును. కూర్చున్నవారి స్థితి చెడినచో మాత్రము నర్సుతో వెంటనే చెప్పవలెను.

రోడ్డు ప్రమాదము, విషము, కాలిన గాయములు, కొట్లాట - వీనిని మెడికో లీగల్ కేసులుగా వ్రాసి పోలీసులకు తెలుపుట ఆసుపత్రి విధి. అయితే చికిత్స పోలీసుల కొఱకు ఆగరాదు. ఒక స్కూటరు నడుపువాడు ప్రమాదములో గాయపడగా, ఇట్టి కేసులు చూచు అధికారము మాకు లేదని దగ్గరి ఆసుపత్రివారు ఇరువది కిలోమీటర్ల దూరమునకు పంపిరి. దారిలో అతడు మరణించెను. ఈ వార్తను ఆధారముగా చేసికొని పరమానంద కటారా వేసిన వ్యాజ్యములో 1989లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ముందు ప్రాణము కాపాడవలెనని తీర్పు చెప్పెను. ప్రమాదబాధితుని తెచ్చినవారిని సాక్ష్యమునకై నిర్బంధించుట గాని, పేరు చెప్పుమని బలవంతపెట్టుట గాని కూడదను రక్షణ 2016లో సుప్రీంకోర్టు ఆమోదముతోను, 2019 మోటారు వాహనముల సవరణ చట్టముతోను స్థిరపడినది. జాతీయ రహదారి ప్రక్క గ్రామములవారు ఈ సంగతిని ముఖ్యముగా ఎఱిగియుండవలెను.

రోగి వెంట పోవువారు ఇద్దరు చాలుదురు. ఒకరు రోగి ప్రక్కన ఉండుటకు, ఒకరు కాగితములకు, మందులకు, రక్తమునకు తిరుగుటకు. మన వీధులలో ఆప్యాయత మెండు. ఒకరికి ఆపద కలిగిన రెండు ఆటోల నిండ జనము బయలుదేరుదురు. అది ప్రేమయే కాని ఆ గుంపులో స్ట్రెచరు కదలదు. వాడుచున్న మందుల సంచి, పాత చీటీలు, ఆధార్ కార్డు, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేర నడచుచున్న పథకమునకు సంబంధించిన కార్డు వెంట నుండుట మంచిది. దొరకనిచో వానికై ఆగవద్దు. వెనుక మరియొకరు తేగలరు. పెద్ద ఆసుపత్రికి పంపునపుడు ఏ వేళ ఏ సూది ఇచ్చిరో వ్రాసిన చీటీని అడిగి తీసికొనవలెను. గుంటూరు చేరుటకు గంటకు మించి పట్టును. ఆ చీటీ లేనిచో అక్కడివారు మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును.

పంచాయతీ చేయదగినది

గ్రామసభలో ఒక అరగంట దీనికి కేటాయింపవచ్చును. రాత్రి ఏ వేళనైనను వచ్చెదమని ఒప్పుకొనిన ఆటో, కారు యజమానుల పేర్లు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. అంబులెన్సు వేరొకచోట చిక్కుకొనినపుడు వారే గతి. వీధుల పేర్లు, ఇంటి నెంబర్లు చీకటిలో కనిపించునట్లుండవలెను. విషవిరుగుడు మందు నిలువ యున్నదా, ఇ.సి.జి. యంత్రము పనిచేయుచున్నదా, రాత్రి వైద్యుడు ఉండునా అని సర్పంచి వర్షాకాలమునకు ముందే దగ్గరి ఆసుపత్రి అధికారులను మర్యాదగా అడిగి తెలిసికొనుటలో తప్పు లేదు. పాము కరచిన రాత్రి అడుగుటకంటె ఇది మేలు.

తీరప్రాంతమునకు తుపానుల గండము కూడ కలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పెద్దల జ్ఞాపకములో నేటికిని ఉన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. గాలి మొదలై చెట్లు రోడ్లపై పడిన పిదప ఏ అంబులెన్సును కదలలేదు. నెలలు నిండిన గర్భిణులు, డయాలిసిస్ చేయించుకొనువారు, ఆక్సిజన్‌పై ఆధారపడినవారు ఎవరెవరో ఆశా కార్యకర్త వద్ద అక్టోబరు నెలకే జాబితా సిద్ధముగా నుండవలెను. హెచ్చరిక వెలువడిన దినముననే, గాలి లేచుటకు ముందు, వారిని చీరాలకో బాపట్లకో చేర్చు బండి ఎవరిదో కూడ ఆ జాబితాలోనే వారి పేర్లకు ఎదురుగా వ్రాయింపవలెను.